అద్దం బల్ల

పటాల కార్ఖానాలో పై అంతస్తు చివరి గదిలో ఒక బల్ల ఉండేది. అద్దం బల్ల అనేవాళ్ళు. పొద్దు వాలాక దాని దరిదాపులకి వెళ్ళమని ఎవరికైనా చెప్పి చూడండి... ఒకడికి అప్పటికప్పుడు కడుపునొప్పి, ఇంకొకడికి ఇంటికి చుట్టాలు. మీసాలు మెలేసుకుని తిరిగే కాపలావాడు కూడా సగం మెట్లు ఎక్కి, అక్కణ్ణించే లాంతరు పైకెత్తి, "అంతా బాగానే ఉంది" అని తనకి తనే చెప్పుకుని దిగిపోయేవాడట.

ఊరికే రాలేదు ఆ బల్లకి ఆ చెడ్డపేరు.

అది సముద్రం పటాలు చేసే కార్ఖానా. నేల పటం తప్పయితే మనిషి దారి తప్పుతాడు, ఎవరినో అడుగుతాడు, మళ్ళీ దారిలో పడతాడు. సముద్రం మీద ఎవర్ని అడుగుతాడు? అందుకే ఆ పని చేసేవాళ్ళకి ఒళ్ళంతా కళ్ళుండాలి.

పూర్వం తోళ్ళ మీద గీసేవాళ్ళట. ఓడవాళ్ళు చెప్పిన మాటే ఆధారం... ఫలానా కొండ కనబడ్డాక ఫలానా గాలికి పోతే ఫలానా రేవు వస్తుంది అని. గాలి దిక్కులన్నీ కలిపి ఒక పువ్వులా గీసి, దాని రేకుల్లోంచి పటం నిండా గీతలు లాగేవాళ్ళు. తర్వాత తాడుకి సీసపు గుండు కట్టి నీళ్ళలో వేసి లోతులు చూడటం వచ్చింది. ఆ గుండు అడుక్కి కొవ్వు రాస్తే, పైకి లాగినప్పుడు దానికి ఇసక అంటుకుందా, బురద అంటుకుందా, ఏమీ అంటుకోకుండా రాయి గుద్దుకుందా అన్నది తెలిసేది. అదంతా అంకెలుగా, చుక్కలుగా పటంలోకి ఎక్కేది.

తెలియని చోట ఏం పెట్టేవాళ్ళంటారా? జంతువుల్ని! ఖాళీగా వదిలేస్తే కొనేవాడు ముఖం చిట్లిస్తాడు కదా. అందుకని ఓ చోట నోరు తెరిచిన తిమింగలం, ఇంకో చోట చేప తోక ఆడమనిషి, మూలమూలకీ బుగ్గలు పూరించి గాలి ఊదే ముఖాలు. గోడకి తగిలించుకునే డబ్బున్నవాళ్ళకి అవే కావాలి. లోతులెవడిక్కావాలి!

తోళ్ళ రోజులు పోయి రాగిరేకుల రోజులొచ్చాయి. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. రాగిరేకు మీద బొమ్మని తిరగేసి చెక్కాలి. కుడివైపు ఉండాల్సింది ఎడమవైపు, ఎడమవైపుది కుడివైపు. అక్షరాలు కూడా అంతే. అలా చెక్కిన రేకుకి సిరా పూసి కాగితం ఒత్తితేనే కాగితం మీద అన్నీ సరిగ్గా పడతాయి. పొద్దస్తమానం తిరగేసి చెక్కుతుంటే మనిషి బుర్ర కూడా తిరగబడుతుంది. అందుకని బల్ల పక్కన ఓ పెద్ద అద్దం నిలబెట్టారు. చెక్కుతూ చెక్కుతూ ఓసారి అద్దంలోకి చూసుకుంటే, రేపు కాగితం మీద ఎలా పడబోతుందో అచ్చం అలాగే కనిపిస్తుంది. అందుకే అది అద్దం బల్ల.

ఆ బల్ల మీద చాలాకాలం పనిచేసినవాణ్ణి ఎడంచేతి తాత అనేవాళ్ళు. అన్నం తినడం దగ్గర్నించి ఉలి పట్టడం దాకా అన్నీ ఎడంచేత్తోనే. ఒకసారి ఆయన ఏదో పటంలో ఓ రాయి గుర్తు పెడితే, అప్పటి కార్ఖానా షావుకారు వచ్చి, "ఆ చుక్కలేమిటయ్యా పేలలాగా... తీసేసి అక్కడో మంచి తిమింగలాన్ని వెయ్యి" అన్నాడట. తాత కాదనలేకపోయాడు. రాయి చెరిపాడు, తిమింగలం చెక్కాడు. చూసినవాళ్ళంతా ముచ్చటపడ్డారు. ఆ తిమింగలం ఉన్న చోటే ఒక ఓడ బద్దలయింది.

కబురు వచ్చిన మర్నాడు పొద్దున తలుపు తీసేసరికి తాత అద్దం బల్ల మీద తల వాల్చి ఉన్నాడు. ఒళ్ళు చల్లగా ఉంది. ఎడంచేతిలో ఉలి అలాగే బిగుసుకుపోయి ఉంది.

అప్పట్నుంచీ ఓ మాట పాకిపోయింది. ఏ పటంలో రాయి లోపిస్తే ఆ పటం తాలూకు రేకు మీద రాత్రిపూట ఆ ఎడమ చెయ్యి కదులుతుందని... ఆ పటం పట్టుకెళ్ళిన ఓడ మళ్ళీ రేవు మొహం చూడదని.

నమ్మినవాళ్ళు నమ్మారు. నమ్మనివాళ్ళు కూడా పొద్దు వాలాక పైకి వెళ్ళలేదు.

ఆ చివరి గదికి ఆనుకుని రంగుల గది. అందులో పటాలకి రంగులు అద్దే ఆవిడ పనిచేసేది. అందరూ రంగులమ్మ అనేవాళ్ళు. ఒడ్డుకి లేత పచ్చ, లోతుకి నీలం, గాలిపువ్వుకి బంగారు పూత... ఆమె కుంచె తాకితే పటానికి ప్రాణం వచ్చేది. ఎక్కడైనా అచ్చు సరిగ్గా పడకపోతే సన్న కలంతో సరిచేసేది కూడా ఆమే. అది అచ్చో, చేత్తో గీసిందో ఎవడి తరమూ కాదు కనిపెట్టడం.

ఆమె మొగుడు ఓడ మీద, ఓడ పెద్ద అయిన సరంగు చేతికింద, చుక్కాని పట్టేవాడు. పెళ్ళయిన కొత్తలో కాయలు కాసిన ఆ చేతులు చూసి భయపడింది గానీ, ఇప్పుడు ఆ చేతులు కొన్నాళ్ళు కనబడకపోతే తిండి సహించదు ఆమెకి. ఓడ కొండ మలుపు తిరిగి కనబడే వరకూ ఇంట్లో ఉన్నట్టే ఉండదు మనిషి.

ఆ సాయంత్రం అతను కార్ఖానా గుమ్మంలోంచే కేకేశాడు.

"ఏమే, అయిందా లేదా? తెల్లారగానే లంగరు ఎత్తేస్తాం. పటం లేకుండా పొమ్మంటావా?"

"రంగు ఆరాలా వద్దా? నీ సరంగుకి ఏం పుట్టింది ఇప్పుడు? ఉన్న పటం బాగానే ఉందిగా!"

"పాతది పేలికలైపోయింది. అదీగాక ఓడ కొన్న కొత్త యజమాని చూడడానికి వస్తాడట. గదిలో బంగారు పువ్వున్న పటం పరిచి మురిపించాలట మా సరంగు."

"మురిపిస్తాడు, మురిపిస్తాడు. నా కళ్ళు పోతున్నాయి ఇక్కడ."

"పోతే పోనీ, నన్ను చూడక్కర్లేదు కదా హాయిగా," అని నవ్వి అతను రేవుకి పోయాడు. సరుకు ఎక్కించే పని మిగిలింది. ఆ రాత్రి పడక ఓడలోనే.

మిగతావాళ్ళంతా ఎప్పుడో జారుకున్నారు. "రాత్రికి ఒక్కదానివే ఉంటావా?" అని కాపలావాడు నోరు వెళ్ళబెట్టాడు. ఉండక చేసేదేముంది! మొగుడు పట్టుకెళ్ళే పటం అది. ఇంకొకరిదైతే రేపు రమ్మనేది.

దీపం ముందుకి జరుపుకుని పనిలో పడింది.

అది రెండు భూముల మధ్య ఇరుకు సముద్రం. మధ్యలో చొక్కా గుండీలా గుండ్రంగా ఒక చిన్న దీవి. ఓడవాళ్ళు గుండీ దీవి అనేవాళ్ళు. దానికి ఎడమ పక్క నుంచి ఒక దారి, కుడి పక్క నుంచి ఒక దారి. పటం ప్రకారం రెండూ లోతే, రెంటిలోనూ పోవచ్చు. ఆమె మొగుడి ఓడ మొదట్నుంచీ ఎడమ దారినే పోయేది. అలవాటు, అంతే.

రాత్రి చిక్కబడింది. వీధిలో బండ్ల చప్పుడు ఆగిపోయింది. కింద కాపలావాడి దగ్గు కూడా వినబడటం లేదు. ఆమె కుంచె నీలంలో ముంచింది.

టక్...

కుంచె ఆగింది.

ఎలకేమో అనుకుంది. కాగితాలున్న చోట ఎలకలు లేకుండా ఎలా ఉంటాయి. మళ్ళీ కుంచె ఆనించింది.

టక్... టక్... కర్‌ర్...

ఎలకలు రాగి చెక్కవు.

ఆ చప్పుడు ఆమెకి కొత్త కాదు. పగలల్లా వినేదే. ఉలి మొన రాగిలోకి దిగితే వచ్చే చప్పుడు... రాగి తీగలా చుట్టుకుంటూ లేచే చప్పుడు. కానీ ఈ వేళప్పుడు?

వీపు మీద ఎవరో తడిగుడ్డ వేసినట్టయింది. లేవకూడదు అనుకుంది. లేచింది. చెప్పులు విడిచేసి, గోడ పట్టుకుని, చివరి గది తలుపు దాకా నడిచింది. తలుపు ఓరగా ఉంది.

లోపల వెలుగు.

చెక్కేవాళ్ళు దీపం మెరుపు కళ్ళలో కొట్టకుండా నూనె కాగితం బిగించిన తెర ఒకటి పెట్టుకుంటారు. ఆ తెర వెనక దీపం పచ్చగా వెలుగుతోంది. బల్ల ఆ తెర వెనకాలే పడింది. మనిషి జాడ లేదు. నీడ లేదు. చప్పుడొక్కటే... టక్... టక్...

ఇంతలో ఆమె కళ్ళు అద్దం మీద పడ్డాయి.

తెర పక్కనించి అద్దం ఒక్కటే కనిపిస్తోంది. అందులో దీపం వెలుగు పడినంత మేర ఎర్రగా మెరుస్తున్న రాగి. ఆ వెలుగు మధ్యలో గుండ్రటి దీవి. గుండీ దీవి!

దాని మీదికి ఒక చెయ్యి వచ్చింది.

మణికట్టు దాకానే కనిపిస్తోంది. ఆ పైన చీకటి. చేతిలో ఉలి. బొటనవేలు ఎటుందో చూసింది... మళ్ళీ చూసింది.

ఎడమ చెయ్యి.

పై ప్రాణాలు పైనే పోయాయి ఆమెకి.

ఆ చెయ్యి తీరుబడిగా పనిచేసుకుంటోంది. దీవికి కుడి పక్కన ఉలి ఆనించింది. ఒక చిన్న గీత... దానికి అడ్డంగా ఇంకో గీత. చుట్టూ చుక్కలు... టక్... టక్... టక్... వేలితో రాగిపొట్టు తుడిచింది.

రాయి గుర్తు. నీళ్ళ అడుగున కంటికి కనబడని రాయి.

"అయ్యో దేవుడా..."

ఆ మాట పైకి అన్నదో, లోపలే అనుకుందో ఆమెకే తెలీదు. అద్దంలో చెయ్యి ఠక్కున ఆగింది. కదలలేదు. వింటున్నట్టుగా అలాగే ఉండిపోయింది...

ఆమె వెనక్కి వెనక్కి నడిచి రంగుల గదిలో పడింది. గడియ పెట్టింది. దీపం ఉఫ్ మని ఊదేసింది. చీకట్లో మూలకి ఒదిగి కూర్చుని, రెండు చేతులతో నోరు మూసుకుంది.

చాలాసేపటికి తలుపు సందులో పచ్చటి వెలుగు కదిలింది. అడుగుల చప్పుడు... మెల్లగా... తలుపు ముందు ఒక్క క్షణం ఆగింది. తర్వాత వెనక మెట్ల వైపు వెళ్ళిపోయింది.

దెయ్యాలకి అడుగుల చప్పుడు ఉంటుందా అని అప్పుడే ఆలోచించి ఉంటే ఎంత బాగుండేది! కానీ ఆ సమయంలో ఎవరికి తడుతుంది చెప్పండి. ఆమెకి తట్టింది ఒక్కటే. ఎడంచేతి తాత వచ్చాడు. గుండీ దీవి రేకు మీద రాయి పెట్టాడు. ఆ రాయి లేని పటం తన బల్ల మీద ఆరుతోంది. తెల్లారితే అది పట్టుకుని తన మొగుడు పోతాడు.

ఏడుపొచ్చింది. ఏడుస్తూనే లేచింది. అగ్గిపుల్ల మూడుసార్లు గీస్తే గానీ వెలగలేదు.

"నాకెందుకు చూపించాడు? ఊరికే చూపిస్తాడా... సరిచెయ్యమనే," అని పైకే అంది.

బుర్ర మాత్రం పనిచేస్తూనే ఉంది. చెక్కడం చూసింది కుడి పక్కన. రాగి మీద కుడి అంటే కాగితం మీద ఎడమ. ఆ కార్ఖానాలో గది ఊడ్చేవాడు కూడా నిద్రలో చెప్పగలడు ఆ సంగతి. అంటే రాయి ఉన్నది ఎడమ దారిలో. తన మొగుడు ఎప్పుడూ పోయే దారిలో!

పటాన్ని దీపం దగ్గరికి లాక్కుంది.

సన్న కలం తీసింది. దీవికి ఎడమ పక్కన చిన్న గీత, అడ్డంగా ఇంకో గీత, చుట్టూ చుక్కలు. ఆ చుక్కల చుట్టూ పల్చగా నీలం. అచ్చులో పడ్డట్టే ఉంది. అంత బాగా ఆమె ఎప్పుడూ గీయలేదు.

తెలతెలవారుతుండగా పటం చుట్టి సంకలో పెట్టుకుని రేవుకి పరిగెత్తింది. తెరచాపలు విప్పుతున్నారు. మొగుణ్ణి పక్కకి లాగింది.

"నేను చెప్పేది నవ్వకుండా విను."

అతను నవ్వబోయాడు. ఆమె ముఖం చూసి మానేశాడు. "ఏమయిందే? అలా ఉన్నావేంటి పీనుగులా?"

ఆమె చెప్పింది. గుసగుసగా, గబగబా, అంతా చెప్పింది. చెప్పి పటం విప్పి చూపించింది.

ఓడ మీద బతికేవాళ్ళు పైకి ఎంత మొనగాళ్ళయినా ఇలాంటివి తీసి పారెయ్యరు. అతను ఆ గుర్తు కేసి చాలాసేపు చూశాడు. "ఎడంచేతి తాతేనా? నిజంగా చూశావా?"

"నీ మీద ఒట్టు."

"సరంగుకి తాతా గీతా అంటే ఒప్పుకోడు."

"ఆయనకి చెప్పకు. అచ్చులో ఉన్నట్టే ఉందిగా. కొత్త పటంలో రాయి ఉంది, కుడి దారిన పోదాం అను, చాలు. నామాట విను. ఈ ఒక్కసారికి విను... తిరిగొచ్చాక జన్మంతా నన్ను ఆడిపోసుకో."

అతను కాయలు కాసిన చెయ్యి ఆమె తల మీద పెట్టాడు. "ఎందుకే ఆ ఏడుపు? చుక్కాని ఎవడి చేతిలో ఉంటుంది? సరంగు కాదు కదా వాళ్ళ బాబు చెప్పినా ఎడమ దారిలో పోను. సరేనా?"

ఓడ కదిలింది. ఆమె ఒడ్డున నిలబడి తెరచాప కొండ మలుపు తిరిగే దాకా చూసింది. రాత్రి నుంచి మొదటిసారి గుండెల నిండా గాలి పీల్చుకుంది. నిద్ర ముంచుకొస్తున్నా ఇంటికి వెళ్ళాలనిపించలేదు. తడిసిపోయిన కుంచెలు అలాగే వదిలేసి వచ్చానని గుర్తొచ్చి కార్ఖానాకి నడిచింది.

చివరి గది కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. వెలుగులో ఆ గది మామూలు గదే. అద్దం బల్ల దగ్గర కళ్ళజోడాయన కూర్చుని ఆవులిస్తున్నాడు. తాత పోయాక ఆ బల్ల మీద చెక్కే మనిషి. నోట్లో నాలుక లేనివాడు. ఆమెకి అన్నయ్య వరస కలిపేసుకుని చాలా కాలమయింది.

"ఏం రంగులమ్మా, పొద్దున్నే వచ్చేశావు? కళ్ళలా వాచిపోయాయేంటి?"

"నీ కళ్ళేం తక్కువ ఎర్రగా ఉన్నాయా అన్నయ్యా? రాత్రి నిద్రపోలేదా?"

అతను మెట్ల వైపు చూశాడు. ఎవరూ రావడం లేదని చూసుకుని గొంతు తగ్గించాడు. "నీతో చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేలా ఉంది. రాత్రి చాలాసేపు ఇక్కడే ఉన్నాను."

ఆమెకి అర్థం కాలేదు. "ఎక్కడ?"

"ఇక్కడే, ఈ బల్ల మీదే. గుండీ దీవి పక్కన నీళ్ళ అడుగున రాయుందట. వేరే రేవు ఓడవాళ్ళు గుండు వేసి చూసి, షావుకారుకి చెప్పి పోయారు. ఈ మహానుభావుడేమో కింద గదిలో రాయి లేని పటాలు కట్టలు కట్టలున్నాయి, అవి అమ్ముడుపోయే దాకా ఎక్కడా నోరు మెదపకు అన్నాడు. రేకు మీద మాత్రం రాత్రిపూట ఒక్కడివే కూర్చుని పెట్టెయ్యమన్నాడు. దెయ్యం పేరు ఉండనే ఉంది, ఎవరూ పైకి రారులే అని ఇకిలించాడు కూడా... వాడి నోరు పడిపోను! మధ్యలో ఏదో మూలుగు వినబడి నా గుండె ఆగినంత పనయింది. తాతే వచ్చాడనుకున్నాను."

ఆమె తలుపు పట్టుకుంది. "నువ్వా... కాదన్నయ్యా. అది ఎడమ చెయ్యి."

"ఏది?"

అతను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆమె మనసులో గుబులు ఇంకొకటనుకుని ఓదార్చబోయాడు.

"మీ ఆయన ఓడ గురించేగా నీ బెంగ? ముందు నేను చూసుకున్నదీ అదే. వాళ్ళు ఏనాడూ ఎడమ దారి తప్ప ఎరగరు కదా. రాయి ఉన్నది కుడి దారిలో. లేకపోతే షావుకారు ఉద్యోగం పీకేసినా నీకు చెప్పకుండా ఉంటానా తల్లీ!"

"కుడి... దారిలోనా?"

"ఆ, కుడి దారిలోనే."

"రేకు మీద కుడి. కాగితం మీద ఎడమ."

"రేకు మీద ఎడమ పెట్టాను. కాగితం మీద కుడి పడుతుంది. ఇదిగో చూడు."

"నేను చూశాను. నువ్వు చెక్కుతుంటే చూశాను. దీవికి కుడి పక్కనే చెక్కావు... కుడి పక్కనే... చూశాను..."

కళ్ళజోడాయన చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. ఆమె నిలబడ్డ తలుపు వైపు చూశాడు. గోడకి చేరవేసిన తెర వైపు చూశాడు. తెర అడ్డం పెడితే ఆ తలుపులోంచి బల్ల కనబడదు.

"ఎక్కడ చూశావు రంగులమ్మా?"

ఆమె కళ్ళు మెల్లగా అద్దం వైపు తిరిగాయి.

అద్దంలో కళ్ళజోడాయన కూర్చుని ఉన్నాడు. అతని కుడి చేతిలో ఉన్న గుడ్డ అద్దంలో ఎడమ చేతిలో ఉంది.

"అక్షరాలు చూసుకోలేదా?" అన్నాడు అతను, ఏడుపు గొంతుతో. "తిన్నగా ఉన్నాయా, తిరగబడి ఉన్నాయా..."

"దీపం దీవి మీదే పడింది అన్నయ్యా."

అద్దం అప్పటికే తిరగేసి చూపించిన దాన్ని ఆమె మళ్ళీ తిరగేసింది. ఇంకెవరైనా అయితే చూసింది చూసినట్టు కుడి పక్కనే గీసి ఉండేవాళ్ళు. కార్ఖానా మనిషి కాబట్టి తిరగేసింది.

ఇద్దరూ రేవుకి పరిగెత్తారు. వెనక పంపడానికి ఒడ్డున ఉన్నవి చేపల పడవలే. ఒకడు జాలిపడి కొండ మలుపు దాటి చాలాదూరం వెళ్ళి చూసొచ్చాడు. గాలి అనుకూలంగా ఉంది, ఓడ దొరకదమ్మా అన్నాడు.

ఆ రాత్రి నుంచి ఆమె ఒకటే మొక్కుకుంది. నా మాట వినకు అని. సరంగు తిట్టాలి, వీడు భయపడాలి, చుక్కాని ఎడమకే తిప్పాలి. దారిలో ఎవరో ఒకరు నా మాట కొట్టిపారెయ్యాలి. కట్టుకున్నవాడు తన మాట నమ్మకూడదని ఏ ఆడదీ అంతలా కోరుకుని ఉండదు. కళ్ళజోడాయన షావుకారు ముఖం మీదే నాలుగు అని, రాయి సంగతి ఊరంతా చెప్పేశాడు. చెప్పి ఏం లాభం? తెలియాల్సిన ఓడ నీళ్ళ మీద ఉంది.

ఓడ రాలేదు. చాలా రోజులకి ఇంకో ఓడలో వంటవాడొక్కడు వచ్చాడు. ఆమె మొగుడి ఓడలో వండేవాడు. చెయ్యి మెడకి కట్టుకుని, చిక్కి సగమైపోయి, తిన్నగా రంగుల గదికే వచ్చాడు. కళ్ళజోడాయన కూడా అక్కడే ఉన్నాడు.

ఆమె లేవలేదు.

"అమ్మా..." అన్నాడు వంటవాడు. "సరంగు ఎడమకే పొమ్మన్నాడమ్మా. ఒంటికాలి మీద లేచాడు. మీ ఆయన వింటేనా! మా ఆవిడ పెట్టిన గుర్తు అది, మా ఆవిడ చెయ్యి తప్పుపోదు, అని పటం మీద కొట్టి మరీ చెప్పాడు. కుడికి తిప్పాడు. అంతలోనే..."

ఆమె బల్ల అంచు పట్టుకుంది.

అతనికి ఆమెని ఎలాగైనా ఓదార్చాలని ఉంది, పాపం. దగ్గరికొచ్చి నేల మీద కూర్చున్నాడు.

"నువ్వు దిగులు పెట్టుకోకమ్మా. నీ తప్పేముంది ఇందులో? ఎడమ పక్క రాయుందని నువ్వు కనిపెట్టగలిగావు. కుడి పక్క కూడా ఉందని ఎవరికి తెలుసు? ఎటు పోయినా మాకు చావే రాసిపెట్టి ఉంది. అంతే కదమ్మా? ఎడమ పక్క కూడా ఉందిగా రాయి?"

కళ్ళజోడాయన తల దించుకున్నాడు. ఔనంటే సరిపోయేది. ఔనని చెప్పు అన్నట్టు అతను ఆమె చెయ్యి కూడా నొక్కాడట.

రంగులమ్మ వంటవాడి ముఖంలోకి చూసింది.

"లేదు బాబూ," అంది. "ఎడమ పక్క ఏమీ లేదు. నీళ్ళే."